రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్ లోపాలు: సర్వర్‌లో కారణం గుర్తించి సరిదిద్దే పద్ధతి

విండోస్ సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ రోల్‌ను, అంటే చాలామంది ఒకేసారి దూరం నుంచి లాగిన్ అయి పనిచేసే వీలు కల్పించే భాగాన్ని, స్థాపించిన తర్వాత లైసెన్సు లేకున్నా పనిచేసే 120 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ గడువు నడుస్తున్నంత కాలం లైసెన్సులు జారీ చేసే లైసెన్సు సర్వర్ అసలు లేకపోయినా, ఉండి యాక్టివేట్ కాకపోయినా, దాని పేరు సెషన్ హోస్ట్‌కు ఎవరూ చెప్పకపోయినా వినియోగదారులు మామూలుగానే లాగిన్ అవుతుంటారు. అందువల్ల స్థాపించిన రోజున జరిగిన లోపం నాలుగు నెలల తర్వాత, ఆ పని చేసినవారికి వివరాలు గుర్తు కూడా లేని సమయంలో, అందరికీ ఒకేసారి కనెక్షన్ నిరాకరణ రూపంలో బయటపడుతుంది. తెర మీద కనిపించే సందేశం లైసెన్సులు లేవని చెబుతుంది గనుక చాలామంది వెంటనే మరిన్ని లైసెన్సులు కొనాలనుకుంటారు, లేదా ఎక్కడో చదివిన రిజిస్ట్రీ (విండోస్ అమరికలు దాచే చోటు) కీని తొలగించడానికి పూనుకుంటారు. రెండూ తొందరపాటు పనులే. లైసెన్సుల సంఖ్య చాలకపోవడం నిజమైన కారణమయ్యే సందర్భాలు తక్కువ. ఎక్కువగా జరిగేదేమిటంటే, లైసెన్సు ఎవరిని అడగాలో సెషన్ హోస్ట్‌కు తెలియదు. తెలిసినా అక్కడికి చేరలేకపోతుంది. చేరినా అక్కడున్న లైసెన్సులు దానికి సరిపడే రకానివి కావు. ఈ మార్గదర్శి ఆ క్రమంలోనే నడుస్తుంది. ఒక దశ సరిగ్గా ఉందని రూఢి చేసుకోకుండా తర్వాతి దశకు వెళ్లవద్దు.

ఎవరి పని ఏమిటి

వినియోగదారుని కంప్యూటర్ లైసెన్సు సర్వర్‌తో నేరుగా మాట్లాడదు. అది సెషన్ హోస్ట్‌కు కనెక్ట్ అవుతుంది. సెషన్ హోస్ట్ ఆ కంప్యూటర్ తరఫునో ఆ వినియోగదారుని తరఫునో లైసెన్సు సర్వర్‌ను అడుగుతుంది. లైసెన్సు సర్వర్ మైక్రోసాఫ్ట్ క్లియరింగ్‌హౌస్ (లైసెన్సులను నమోదు చేసే ఆ సంస్థ వ్యవస్థ) వద్ద ఒకసారి యాక్టివేట్ అయి ఉండాలి, దానిలో క్లయింట్ యాక్సెస్ లైసెన్సులు, అంటే వాడుకలో క్యాల్స్ అనేవి, ఇన్‌స్టాల్ అయి ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్స్ వేరు, విండోస్ సర్వర్ క్యాల్స్ వేరు. రెండోవి ఉన్నంత మాత్రాన మొదటివి ఉన్నట్టు కాదు, కొనుగోలు పత్రాలు చూసేటప్పుడు ఈ తేడా గమనించాలి.

ఇక్కడే మరొక సంగతి. సెషన్ హోస్ట్ రోల్ లేని సర్వర్‌లోకి నిర్వహణ పనుల కోసం ఒకే సమయంలో ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా రావచ్చు, దానికి రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్ అవసరం లేదు. రిమోట్ డెస్క్‌టాప్ పనిచేయాలంటే ఆ రోల్ తప్పనిసరి అనుకుని స్థాపించి, తర్వాత లైసెన్సు సందేశంతో ఇబ్బంది పడే సర్వర్లు తక్కువేమీ కావు. మీ సర్వర్‌ను వాడేది ఆ ఇద్దరు నిర్వాహకులే అయితే సర్వర్ మేనేజర్ నుంచి రోల్‌ను తొలగించి రీస్టార్ట్ చేయండి. మిగిలిన దశలతో మీకు పని లేదు.

మొదటి దశ: లోపలికి వెళ్లడం, లక్షణాలు రాసుకోవడం

గ్రేస్ పీరియడ్ ముగిసిన సర్వర్‌లోకి కూడా నిర్వాహకులు వెళ్లగలరు. రన్ పెట్టెలో ఎంఎస్‌టీఎస్‌సీ అనే కమాండ్ తర్వాత ఒక ఖాళీ విడిచి, స్లాష్ గుర్తుతో అడ్మిన్ అనే స్విచ్ చేర్చి నడిపితే లైసెన్సు తనిఖీ లేని నిర్వహణ సెషన్ తెరుచుకుంటుంది. సర్వర్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న ఖాతా ఉండాలి. ఇది నిర్వహణకు ఉద్దేశించిన దారి మాత్రమే. సిబ్బంది అందరికీ ఈ స్విచ్ నేర్పి రోజులు నెట్టుకురావడం పరిష్కారం కాదు, ఎలాగూ ఇద్దరికి మించి ప్రవేశం దొరకదు.

లోపలికి వెళ్లగానే ఏదీ మార్చకండి. ముందు వినియోగదారులకు కనిపించిన సందేశంలోని మాటలను ఉన్నదున్నట్టు తెప్పించుకోండి, సమస్య ఎవరెవరికి వచ్చిందో తెలుసుకోండి. అందరికీ ఒకేసారి మొదలై, లైసెన్సు ఇవ్వడానికి లైసెన్సు సర్వర్లేవీ అందుబాటులో లేవని సందేశం చెబుతుంటే లోపం సెషన్ హోస్ట్ అమరికలో గానీ, అది లైసెన్సు సర్వర్‌ను చేరే దారిలో గానీ ఉంటుంది. ఈ రోజు ఒక కంప్యూటర్, మరికొన్నాళ్లకు ఇంకొకటి అన్నట్టు విడివిడిగా ఆగిపోతుంటే పర్ డివైస్ లైసెన్సుల, అంటే ఒక్కో కంప్యూటర్‌కు ఇచ్చే లైసెన్సుల, లెక్క చూడాలి. లైసెన్సింగ్ ప్రోటోకాల్‌లో లోపం వచ్చిందనే మాట ఒకే ఒక్క కంప్యూటర్‌లో కనిపించి, అదే వినియోగదారుడు పక్క కంప్యూటర్ నుంచి లోపలికి రాగలుగుతుంటే సర్వర్ జోలికి పోనక్కరలేదు. సెషన్ తెరుచుకుని, 60 నిమిషాల్లో తెగిపోతుందని హెచ్చరిస్తే అది వర్క్‌గ్రూప్ సర్వర్లకు, అంటే డొమైన్‌లో (సంస్థ కంప్యూటర్లను, ఖాతాలను ఒకేచోటి నుంచి నిర్వహించే ఏర్పాటులో) చేరని సర్వర్లకు, ప్రత్యేకమైన సమస్య. దాని గురించి కింద వివరంగా ఉంది.

రెండో దశ: డయాగ్నోజర్, ఈవెంట్ లాగ్

సెషన్ హోస్ట్‌లో సర్వర్ మేనేజర్‌లోని టూల్స్ మెనూ తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ కింద ఉన్న లైసెన్సింగ్ డయాగ్నోజర్‌ను నడపండి. అక్కడ లేకపోతే, ఫీచర్ల జాబితాలో రిమోట్ సర్వర్ అడ్మినిస్ట్రేషన్ టూల్స్ కింద దాన్ని విడిగా చేర్చుకోవచ్చు. ఈ ఒక్క కిటికీ సెషన్ హోస్ట్ వెర్షన్, దానికి అమర్చిన లైసెన్సింగ్ మోడ్ (లైసెన్సు వినియోగదారునికా, కంప్యూటర్‌కా అన్నది), అది కనుగొన్న లైసెన్సు సర్వర్లు, క్లయింట్లకు అందుబాటులో ఉన్న లైసెన్సుల సంఖ్య చూపించి, అడుగున సమస్యలను సూచించిన పరిష్కారాలతో సహా వరుసగా పెడుతుంది. ఒక జాగ్రత్త అవసరం: డయాగ్నోజర్ నడుపుతున్న ఖాతాకు లైసెన్సు సర్వర్‌లోనూ అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేకపోతే, లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్నా వాటి వివరాలు తెలియడం లేదని అది హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చూసి కంగారుపడే ముందు కుడివైపు పట్టీలో క్రెడెన్షియల్స్ ఇచ్చే సదుపాయం వాడి మళ్లీ చూడండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి టెర్మినల్ సర్వీసెస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ పాత పేరు) రిమోట్ కనెక్షన్ మేనేజర్ పేరుతో నమోదైన ఈవెంట్లను వెతకండి. 1069 ఉంటే గ్రేస్ పీరియడ్ ముగిసిందని, లైసెన్సింగ్ మోడ్ అమర్చలేదని అర్థం. 1128 అయితే గ్రేస్ పీరియడ్ ముగిసింది, లైసెన్సులున్న లైసెన్సు సర్వర్‌తో ఈ హోస్ట్ ఇంకా నమోదు కాలేదు. 1130 కనిపిస్తే సెషన్ హోస్ట్‌కు లైసెన్సు సర్వర్ పేరే ఇవ్వలేదన్నమాట. ఈ మూడింటిలో ఏది ఉన్నా మూడో దశ మీకు ముఖ్యం. ఇవేవీ లేకుండా డయాగ్నోజర్ మాత్రం లైసెన్సు సర్వర్‌ను చేరలేకపోతున్నానంటే నేరుగా నాలుగో దశకు వెళ్లవచ్చు.

మూడో దశ: మోడ్, లైసెన్సు సర్వర్ పేరు

సెషన్ హోస్ట్‌కు రెండు విషయాలు చెప్పాలి: లైసెన్సు ఎవరిని అడగాలి, ఏ రకం అడగాలి. ఇవి చెప్పే చోటు మీ ఏర్పాటును బట్టి మారుతుంది, చాలా గందరగోళానికి మూలం ఇదే. కనెక్షన్ బ్రోకర్‌తో (వినియోగదారులను సెషన్ హోస్ట్‌లకు పంచే రోల్) సహా పూర్తి రిమోట్ డెస్క్‌టాప్ డిప్లాయ్‌మెంట్ ఉంటే సర్వర్ మేనేజర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ పుటకు వెళ్లి, డిప్లాయ్‌మెంట్ ప్రాపర్టీస్ మార్చే కిటికీలో లైసెన్సింగ్ విభాగం తెరిచి, అక్కడ మోడ్ ఎంచుకుని సర్వర్ పేరు చేర్చాలి. బ్రోకర్ లేకుండా ఒంటరిగా ఉన్న సెషన్ హోస్ట్‌కు ఆ పుట పనికిరాదు. విండోస్ సర్వర్ 2008 ఆర్2 వరకు ఈ అమరికల కోసం ఉన్న సెషన్ హోస్ట్ కాన్ఫిగరేషన్ అనే సాధనాన్ని 2012 వెర్షన్ నుంచి తీసేశారు. పాత సూచనలు చదివి దాని కోసం వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒంటరి సర్వర్‌కు, విండోస్ అమరికలను నియమాలుగా నిర్ణయించే గ్రూప్ పాలసీయే సరైన మార్గం.

గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కింద అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో విండోస్ కాంపొనెంట్స్, అందులో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, అందులో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్, చివరగా లైసెన్సింగ్ అనే ఫోల్డర్ వరకు వెళ్లండి. నిర్దిష్ట లైసెన్సు సర్వర్లను వాడమని చెప్పే పాలసీని ఎనేబుల్ చేసి, సర్వర్ పూర్తి డొమైన్ పేరు రాయండి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే వాటి మధ్య కామా పెట్టండి. పక్కనే ఉన్న లైసెన్సింగ్ మోడ్ పాలసీని కూడా ఎనేబుల్ చేసి పర్ యూజర్ (ఒక్కో వినియోగదారునికి) గానీ పర్ డివైస్ (ఒక్కో కంప్యూటర్‌కు) గానీ ఎంచుకోండి. రెండిట్లో ఒకదాన్నే అమర్చి వదిలేయడం సర్వసాధారణంగా కనిపించే లోపం.

మోడ్ ఎంపిక మీ ఇష్టానిది కాదు, కొన్న లైసెన్సులది. లైసెన్సు సర్వర్‌లో ఉన్నవన్నీ పర్ యూజర్ అయి, సెషన్ హోస్ట్ పర్ డివైస్ అడుగుతుంటే వందల లైసెన్సులు ఖాళీగా ఉన్నా ఒక్కటీ దక్కదు.

అమరిక మార్చాక పాలసీని రిఫ్రెష్ చేసి, జీపీరిజల్ట్ నివేదిక తీసి నిజంగా ఏ పాలసీ అమల్లో ఉందో చూడండి. స్థానిక పాలసీలో మీరు సరైన పేరు పెట్టినా, డొమైన్ నుంచి వచ్చే పాలసీలో ఏనాడో తీసేసిన పాత లైసెన్సు సర్వర్ పేరు ఉంటే డొమైన్ మాటే చెల్లుతుంది. రిజిస్ట్రీలో చూడాలనుకుంటే హెచ్‌కేఎల్‌ఎం (హెచ్‌కీ_లోకల్_మెషీన్) కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, టెర్మినల్ సర్వీసెస్ అనే కీలో లైసెన్సింగ్‌మోడ్ విలువ కనిపిస్తుంది: 2 అంటే పర్ డివైస్, 4 అంటే పర్ యూజర్. పాలసీ ద్వారా కాక సిస్టమ్ స్థాయిలో ఉండే లైసెన్సింగ్ కోర్ కీలో ఇదే పేరుతో 5 అని ఉంటే మోడ్ ఇంకా అమర్చలేదని భావం. పవర్‌షెల్ అలవాటున్నవారు బ్రోకర్ ఉన్న ఏర్పాటులో గెట్-ఆర్‌డీలైసెన్స్‌కాన్ఫిగరేషన్ కమాండ్‌తో రెండు వివరాలనూ ఒకేసారి చూడవచ్చు.

మార్పు అమల్లోకి రావడానికి సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం మేలు. రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అనే సర్వీసును మాత్రమే రీస్టార్ట్ చేసినా నడుస్తున్న సెషన్లు తెగిపోతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా వినియోగదారులకు ముందుగా చెప్పి, తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేసుకోనివ్వండి.

నాలుగో దశ: సెషన్ హోస్ట్ నుంచి లైసెన్సు సర్వర్ వరకు దారి

పింగ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన దారి తెరిచి ఉన్నట్టు కాదు. లైసెన్సింగ్ సంభాషణ ఆర్‌పీసీ (ఒక యంత్రం మరో యంత్రంలోని ప్రోగ్రామ్‌ను పిలిచే పద్ధతి) ద్వారా జరుగుతుంది. ముందు టీసీపీ 135 పోర్టులో పలకరింపు, ఆ తర్వాత 49152 నుంచి 65535 వరకు ఉన్న డైనమిక్ పోర్టుల్లో ఏదో ఒకదానిలో అసలు పని; దీనికి తోడు టీసీపీ 445 కూడా కావాలి. రెండు సర్వర్లూ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు. లైసెన్సు సర్వర్‌ను వేరే నెట్‌వర్క్‌కో వేరే డేటా సెంటర్‌కో తరలించినప్పుడు ఫైర్‌వాల్ నిర్వహించేవారు 135 ఒక్కటి తెరిచి, డైనమిక్ పోర్టులను మరచిపోతారు. అప్పుడు టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్ 135పై విజయం చూపిస్తుంది గానీ లైసెన్సు మాత్రం రాదు. ఫైర్‌వాల్ లాగ్‌లో ఆ సమయానికి నిరాకరించిన కనెక్షన్లు చూస్తే సంగతి తేలిపోతుంది.

అలాగే సెషన్ హోస్ట్ నుంచి లైసెన్సు సర్వర్ పేరును డీఎన్ఎస్ ఏ చిరునామాగా చూపిస్తోందో గమనించండి, పాత చిరునామా మిగిలిపోయి ఉండవచ్చు. రెండు యంత్రాల గడియారాలు ఒకే సమయం చూపించాలి. లైసెన్సు సర్వర్‌లో సర్వీసుల జాబితా తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్ సర్వీసు నడుస్తోందో లేదో, దాని స్టార్టప్ రకం ఆటోమేటిక్‌గా ఉందో లేదో చూడండి.

దారి అంతా బాగున్నా లైసెన్సు సర్వరే తలుపు మూసి ఉండే పరిస్థితి ఒకటుంది. లైసెన్సు సర్వర్ సెక్యూరిటీ గ్రూప్ అనే పాలసీని దానిపై ఎనేబుల్ చేసి ఉంటే, ఆ సర్వర్‌లో ఇందుకోసం ఉన్న స్థానిక గ్రూపులో చేర్చిన సెషన్ హోస్ట్‌లకు మాత్రమే అది లైసెన్సులు ఇస్తుంది. పాత హోస్ట్‌లన్నీ పనిచేస్తూ కొత్తగా చేర్చిన హోస్ట్ ఒక్కటే విఫలమవుతుంటే ముందుగా ఈ గ్రూపునే చూడండి.

ఐదో దశ: లైసెన్సు సర్వర్, వెర్షన్ల పొంతన

లైసెన్సు సర్వర్‌లో లైసెన్సింగ్ మేనేజర్ తెరవండి. సర్వర్ పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంటే యాక్టివేషన్, గ్రూపు సభ్యత్వం వంటివన్నీ సరిగ్గా ఉన్నట్టు. ఎరుపు గుర్తు ఉంటే యాక్టివేట్ కాలేదు. పసుపు హెచ్చరిక ఉంటే కుడి క్లిక్ చేసి రివ్యూ కాన్ఫిగరేషన్ ఎంచుకోండి, ఏది లోపించిందో అక్కడే వివరిస్తుంది. యాక్టివేషన్‌కు మూడు మార్గాలు ఉన్నాయి: సర్వర్ నుంచి నేరుగా ఇంటర్నెట్ ద్వారా, మరో కంప్యూటర్‌లోని వెబ్ బ్రౌజర్ ద్వారా, ఫోన్ ద్వారా. సర్వర్‌కు ఇంటర్నెట్ లేకపోవడం తప్పు కాదు, చాలాచోట్ల అలా ఉంచడమే మంచిది. అలాంటప్పుడు బ్రౌజర్ మార్గం ఎంచుకుని, ప్రోడక్ట్ ఐడీని మైక్రోసాఫ్ట్ వారి లైసెన్సింగ్ పుటలో నమోదు చేసి, వచ్చిన లైసెన్సు సర్వర్ ఐడీని తిరిగి విజార్డ్‌లో రాస్తే సరిపోతుంది.

వెర్షన్ల విషయం ఓపికగా చూడాలి. ఇందులో రెండు నియమాలు ఉన్నాయి, రెండూ వేర్వేరు వస్తువులకు సంబంధించినవి. మొదటిది లైసెన్సు సర్వర్ గురించి: అది నడిచే విండోస్ వెర్షన్, సెషన్ హోస్ట్ వెర్షన్‌కు సమానంగా గానీ దానికంటే కొత్తదిగా గానీ ఉండాలి. రెండోది క్యాల్స్ గురించి: కొత్త వెర్షన్ క్యాల్ పాత సెషన్ హోస్ట్‌కు చెల్లుతుంది, పాత వెర్షన్ క్యాల్ కొత్త సెషన్ హోస్ట్‌కు చెల్లదు. ఉదాహరణకు 2016 సర్వర్‌లో లైసెన్సింగ్ నడుపుతూ, అందులో 2016 క్యాల్స్ ఉంచుకున్న సంస్థ తన సెషన్ హోస్ట్‌ను 2022కు మార్చిందనుకోండి. పాత క్యాల్స్ ఆ హోస్ట్‌కు పనికిరావు. కొత్తగా 2022 క్యాల్స్ కొన్నా వాటిని 2016 లైసెన్సు సర్వర్ స్వీకరించదు. అంటే లైసెన్సు సర్వర్‌ను 2022 లేదా తర్వాతి వెర్షన్‌కు తేవాలి, అందులో 2022 క్యాల్స్ ఇన్‌స్టాల్ చేయాలి; రెండూ జరిగితేనే పని పూర్తవుతుంది. అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచి మళ్లీ గ్రేస్ పీరియడ్ నడిచే అవకాశం ఉన్నందున ఈ పొరపాటు కూడా ఆలస్యంగానే బయటపడుతుంది. అప్‌గ్రేడ్ ప్రణాళికలో మొదట కొత్త వెర్షన్‌కు మారాల్సింది లైసెన్సు సర్వర్, ఆ తర్వాతే సెషన్ హోస్ట్‌లు.

క్యాల్స్ ఇన్‌స్టాల్ చేసే విజార్డ్‌లో కొనుగోలు ఒప్పందం రకం తప్పుగా ఎంచుకుంటే సంఖ్యలు సరైనవే అయినా తిరస్కరిస్తుంది. పత్రంలో ఒప్పందం పేరు ఎలా ఉందో జాబితాలో అదే ఎంచుకోండి.

ఆరో దశ: పర్ యూజర్ మోడ్, యాక్టివ్ డైరెక్టరీ

పర్ యూజర్ లైసెన్సు జారీ అయినప్పుడు ఆ సమాచారం యాక్టివ్ డైరెక్టరీలోని (డొమైన్ ఖాతాల వివరాలుండే చోటు) వినియోగదారుని ఖాతాలో నమోదవుతుంది. అలా రాయడానికి లైసెన్సు సర్వర్‌కు అనుమతి కావాలి, ఆ అనుమతి డొమైన్‌లోని టెర్మినల్ సర్వర్ లైసెన్స్ సర్వర్స్ అనే గ్రూపు ద్వారా వస్తుంది. లైసెన్సు సర్వర్ కంప్యూటర్ ఖాతా ఆ గ్రూపులో లేకపోతే రివ్యూ కాన్ఫిగరేషన్ కిటికీలోనే చేర్చే బటన్ కనిపిస్తుంది. డొమైన్ అడ్మినిస్ట్రేటర్ హక్కులున్నవారు దాన్ని నొక్కాలి. చేర్చాక లైసెన్సు సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి, లేకపోతే కొత్త సభ్యత్వం దానికి తెలియదు. వినియోగదారులు ఒకటి కంటే ఎక్కువ డొమైన్లలో ఉంటే ప్రతి డొమైన్‌లోని గ్రూపులోనూ చేర్చాలి.

గ్రూపులో చేర్చినా లైసెన్సు సర్వర్ ఈవెంట్ లాగ్‌లో 4105 కొనసాగవచ్చు. ఫలానా వినియోగదారుని ఖాతాలో లైసెన్సు వివరాలు రాయలేకపోతున్నానని అది చెబుతుంది, ఖాతా పేరు కూడా ఇస్తుంది. ఆ పేర్లు గమనిస్తే కారణం దాదాపు అందులోనే ఉంటుంది. అవన్నీ డొమైన్ అడ్మిన్స్ వంటి గ్రూపుల సభ్యులవైతే, ఆ ఖాతాలను డైరెక్టరీ ప్రత్యేకంగా కాపాడుతూ పైనుంచి వచ్చే అనుమతులను తీసివేస్తుంటుంది. ఒకే ఆర్గనైజేషనల్ యూనిట్‌లోనివైతే (డైరెక్టరీలో ఖాతాల ఉపవిభాగం) అక్కడ ఎవరో అనుమతుల వారసత్వాన్ని ఆపి ఉంటారు. చాలా పాతకాలపు ఖాతాలైతే, డైరెక్టరీ స్కీమా (ఖాతాల్లో ఏ వివరాలుండాలో చెప్పే నమూనా) తర్వాత పెరిగినా వాటికి ఈ అనుమతి చేరి ఉండకపోవచ్చు. చివరి రెండు సందర్భాల్లో డెలిగేషన్ విజార్డ్ వాడి, సంబంధిత యూనిట్‌లోని యూజర్ ఆబ్జెక్టులపై టెర్మినల్ సర్వర్ లైసెన్స్ సర్వర్ అనే లక్షణాన్ని చదివే, రాసే హక్కును ఆ గ్రూపుకు ఇవ్వండి. నిర్వాహక ఖాతాల విషయంలో మాత్రం రక్షణను సడలించడం కన్నా, వారు రోజువారీ పనికి మామూలు ఖాతా వాడటమే సరైనది.

4105 వచ్చినంత మాత్రాన ఆ వినియోగదారునికి సాధారణంగా ప్రవేశం ఆగదు. వాడకం లెక్క మాత్రం తప్పుతుంది. పర్ యూజర్ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసిన సంఖ్యకు మించి జారీ చేయకుండా సాంకేతికంగా అడ్డుకట్ట లేదు, అయితే మించి వాడటం ఒప్పంద ఉల్లంఘనే అవుతుంది. అందుకే లైసెన్సింగ్ మేనేజర్‌లో అప్పుడప్పుడు పర్ యూజర్ నివేదిక తీసి, వాస్తవ వినియోగదారుల సంఖ్యతో పోల్చి చూసుకోవాలి.

డొమైన్ లేని వర్క్‌గ్రూప్ సర్వర్‌లో వివరాలు రాయడానికి డైరెక్టరీయే లేదు గనుక పర్ యూజర్ మోడ్ అక్కడ పొసగదు. విండోస్ సర్వర్ 2019 నుంచి ఇలాంటి ఏర్పాటులో, లైసెన్సులో సమస్య ఉందని, 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుందని వినియోగదారునికి సందేశం వస్తుంది, చెప్పినట్టే తెగిపోతుంది కూడా. మార్గాలు రెండే: సర్వర్‌ను డొమైన్‌లో చేర్చడం, లేదా పర్ డివైస్ క్యాల్స్‌కు మారడం. పర్ యూజర్ క్యాల్స్ ఇప్పటికే కొని ఉంటే వాటి రకం మార్చే అవకాశం గురించి మైక్రోసాఫ్ట్ లైసెన్సింగ్ సహాయ కేంద్రాన్ని అడగవచ్చు.

ఏడో దశ: పర్ డివైస్ లెక్కలు

ఒక కంప్యూటర్ మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు దానికి 90 రోజుల తాత్కాలిక లైసెన్సు మాత్రమే దొరుకుతుంది. వినియోగదారుడు లాగిన్ అయి, ఆ కంప్యూటర్ రెండోసారి వచ్చినప్పుడు, మిగులు ఉంటే శాశ్వత లైసెన్సుగా మారుతుంది. మిగులు లేకపోతే తాత్కాలికమే కొనసాగి, 90వ రోజు దాటాక తలుపు మూతపడుతుంది. కంప్యూటర్లు ఒక్కొక్కటిగా ఆగిపోవడం వెనక ఉన్న లెక్క ఇదే: అవి మొదటిసారి వచ్చిన తేదీలు వేర్వేరు, కాబట్టి ఆగే తేదీలూ వేర్వేరు.

శాశ్వతం అన్న పేరే గానీ ఆ లైసెన్సుకూ కాలపరిమితి ఉంది. 52 నుంచి 89 రోజుల మధ్య యాదృచ్ఛికంగా ఒక గడువు నిర్ణయమవుతుంది. గడువుకు ఏడు రోజుల ముందు నుంచి ఆ కంప్యూటర్ కనెక్ట్ అయిన ప్రతిసారీ పునరుద్ధరణకు ప్రయత్నం జరుగుతుంది. అది మళ్లీ రాకపోతే గడువు తీరాక లైసెన్సు తిరిగి మిగులులో కలుస్తుంది. అందువల్ల పాడైన కంప్యూటర్ పట్టుకుపోయిన లైసెన్సు ఎప్పటికీ పోయినట్టు కాదు, కొన్ని వారాలు ఆగితే తిరిగివస్తుంది. ఆగలేకపోతే లైసెన్సింగ్ మేనేజర్‌లో ఆ కంప్యూటర్ పేరుపై కుడి క్లిక్ చేసి రివోక్ చేయవచ్చు. ఒకేసారి రివోక్ చేయగలిగింది ఆ వెర్షన్ పర్ డివైస్ క్యాల్స్ మొత్తంలో 20 శాతం మాత్రమే. నెలనెలా ఈ పని చేయాల్సి వస్తోందంటే సంఖ్య నిజంగానే చాలడం లేదని ఒప్పుకోవాలి.

కంప్యూటర్‌ను తుడిచి మళ్లీ విండోస్ వేసినప్పుడు లైసెన్సు సర్వర్ దాన్ని కొత్త యంత్రంగా లెక్కించి మరో లైసెన్సు ఇస్తుంది. ప్రయోగశాలల్లో, శిక్షణ గదుల్లో కంప్యూటర్లన్నిటినీ తరచూ కొత్తగా సిద్ధం చేసే చోట ఇలా లైసెన్సులు వేగంగా కరిగిపోతాయి. అక్కడ పర్ యూజర్ మోడ్ అనుకూలమా అన్నది కొనకముందే ఆలోచించాల్సిన విషయం.

ఎనిమిదో దశ: క్లయింట్‌లోనూ హోస్ట్‌లోనూ పాడైన ఆధారాలు

ఒకే కంప్యూటర్‌లో ప్రోటోకాల్ లోపం వస్తే, ఆ కంప్యూటర్ రిజిస్ట్రీలో హెచ్‌కేఎల్‌ఎం కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఎంఎస్‌లైసెన్సింగ్ అనే కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, ఆ తర్వాత తొలగించండి. పిదప రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ ప్రోగ్రామ్‌ను ఒక్కసారి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కనెక్ట్ అవ్వండి. కీని తిరిగి సృష్టించే హక్కు మామూలు వినియోగదారునికి లేదు. ఆ ఒక్క పని మరచిపోయి, కీ తొలగించినా ఫలితం లేదనుకునేవారు చాలామంది.

సెషన్ హోస్ట్‌ను క్లోన్ చేసిన తర్వాతో, పాత బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చిన తర్వాతో ఇదే లోపం అన్ని కంప్యూటర్లలో కనిపిస్తే హోస్ట్‌లోని లైసెన్సింగ్ సర్టిఫికేట్లు పాడై ఉండవచ్చు. హెచ్‌కేఎల్‌ఎం కింద సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, టెర్మినల్ సర్వర్, ఆర్‌సీఎమ్ అనే కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి, అందులోని సర్టిఫికేట్, ఎక్స్509 సర్టిఫికేట్, ఎక్స్509 సర్టిఫికేట్ ఐడీ, ఎక్స్509 సర్టిఫికేట్2 అనే నాలుగు విలువలను మాత్రమే తొలగించి సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి. అవి మళ్లీ తయారవుతాయి.

అదే ఆర్‌సీఎమ్ కీ కింద గ్రేస్‌పీరియడ్ అనే ఉపకీ ఉంటుంది. దాన్ని తొలగిస్తే 120 రోజుల గడియారం మళ్లీ మొదటికొస్తుందని ప్రచారం బాగా ఉంది. దాని యాజమాన్యం మార్చుకుంటే గానీ తొలగించలేనట్టుగా అనుమతులు ఉండటమే, చేయవద్దన్న సూచన. క్యాల్స్ లేకుండా అలా చేయడం ఒప్పందానికి విరుద్ధం. క్యాల్స్ ఉండి చేస్తే, పై దశల్లో దొరకాల్సిన అసలు లోపం మరో నాలుగు నెలలు దాక్కుంటుంది. ఎన్ని రోజులు మిగిలాయో తెలుసుకోవడం మాత్రం తప్పు కాదు. విండోస్ నిర్వహణ సమాచారం ఇచ్చే డబ్ల్యూఎంఐలోని విన్32_టెర్మినల్‌సర్వీస్‌సెట్టింగ్ క్లాస్‌లో ఉన్న గెట్‌గ్రేస్‌పీరియడ్‌డేస్ అనే పద్ధతి ఆ సంఖ్య చెబుతుంది. కొత్త సర్వర్ పెట్టిన మొదటి నెలలోనే దాన్ని చూసుకునేవారికి ఈ మార్గదర్శితో అవసరం తక్కువ.

తొమ్మిదో దశ: డేటాబేస్ పునర్నిర్మాణం, తరలింపు

లైసెన్సింగ్ సర్వీసు మొదలవగానే ఆగిపోతున్నా, ఉన్న క్యాల్స్ తెరపై కనిపించకపోయినా డేటాబేస్ పాడైందని అనుమానించవచ్చు. అది సిస్టమ్32 కింద ఎల్‌సర్వర్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. లైసెన్సింగ్ మేనేజర్‌లో మేనేజ్ ఆర్‌డీఎస్ క్యాల్స్ విజార్డ్ రెండు పనులు చేస్తుంది: డేటాబేస్‌ను కొత్తగా నిర్మించడం, లేదా క్యాల్స్‌ను మరో సర్వర్ నుంచి ఇక్కడికి తేవడం. పునర్నిర్మాణంలో ఇప్పుడున్న క్యాల్స్ అన్నీ పోయి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది. అందుకే ఒప్పంద సంఖ్యలు చేతిలో లేకుండా ఆ బటన్ నొక్కవద్దు. తరలింపు పూర్తయ్యాక మూడో దశకు తిరిగి వెళ్లి ప్రతి సెషన్ హోస్ట్‌లోనూ కొత్త పేరు పెట్టాలి, ఆ తర్వాతే పాత సర్వర్‌లో రోల్ తొలగించాలి.

లైసెన్సు సర్వర్‌పై చేయి వేసినప్పుడే సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా చూడండి. లైసెన్సింగ్ సర్వీసులో లాగిన్ అవసరం లేకుండానే దూరం నుంచి కోడ్ నడిపే వీలున్న లోపాన్ని, సీవీఈ-2024-38077 అనే నమోదు సంఖ్య గలదాన్ని, మైక్రోసాఫ్ట్ 2024 జూలై అప్‌డేట్లలో సరిదిద్దింది. దాని తీవ్రత 10కి 9.8గా నమోదైంది. ఆ అప్‌డేట్ లేని సర్వర్లలో తక్షణం వేయాలి. లైసెన్సు సర్వర్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉంచాల్సిన అవసరం ఏ ఏర్పాటులోనూ లేదు.

సరైందని రూఢి చేసుకోవడం

అడ్మిన్ స్విచ్ లేకుండా, అడ్మినిస్ట్రేటర్ కాని ఖాతాతో కనెక్ట్ అవ్వండి. నిర్వాహక సెషన్‌లో విజయం ఈ పరీక్షలో లెక్కకు రాదు. డయాగ్నోజర్‌ను రిఫ్రెష్ చేసి హెచ్చరికలు పోయాయా చూడండి, సిస్టమ్ లాగ్‌లో 1069, 1128, 1130 మళ్లీ రావడం లేదని నిర్ధారించుకోండి. పర్ యూజర్ మోడ్ అయితే లైసెన్సింగ్ మేనేజర్‌లో కొత్త నివేదిక సృష్టించి, పరీక్ష ఖాతా పేరు అందులో ఉందో లేదో చూడాలి. పర్ డివైస్ మోడ్ అయితే అదే కంప్యూటర్ నుంచి సైన్ అవుట్ చేసి రెండోసారి లాగిన్ అవ్వాలి. మొదటి లాగిన్‌కు దొరికేది 90 రోజుల తాత్కాలిక లైసెన్సే కాబట్టి, రెండో లాగిన్ తర్వాత ఆ కంప్యూటర్ పేరు శాశ్వత లైసెన్సుల జాబితాలో కనిపించినప్పుడే టికెట్ మూసివేయండి.